మీ ఊరి పరిచయం రాసేదెలా: పొలం, చెరువు, గుడి, దారి

"పచ్చని పొలాలు, గలగల పారే కాలువ, కల్లాకపటం తెలియని జనం, ఊరి చివర పురాతన శివాలయం." ఈ వాక్యంలో మీ ఊరి పేరు తీసేసి పక్కూరి పేరు పెట్టి చూడండి. ఏమీ తేడా రాదు. ఇంకో జిల్లాలోని ఊరి పేరు పెట్టినా రాదు. అంటే అందులో మీ ఊరు లేనట్టే. పరిచయం రాసేటప్పుడు ప్రతి వాక్యానికీ ఈ పరీక్ష పెట్టండి. పేరు మార్చినా చెల్లిపోయే వాక్యాన్ని కొట్టేయండి, లేదా చెల్లకుండా పోయేంత వివరం దానికి చేర్చండి. ఆ వివరం ఎక్కడ దొరుకుతుంది, ఎవర్ని ఏమని అడగాలి, ఎక్కడ తప్పులు దొర్లుతాయి అన్నదే కింద ఉన్నదంతా. తెలుగు రాష్ట్రాల పల్లెల్ని దృష్టిలో పెట్టుకుని చెబుతున్న మాటలివి.

ముందు ఏ ఊరో తేల్చండి

ఇది తేలికనుకుంటారు గానీ సగం తప్పులు ఇక్కడే మొదలవుతాయి. మనం "ఊరు" అనే మాటకు కాగితాల్లో మూడు అర్థాలున్నాయి. భూమి లెక్కలకు రెవెన్యూ గ్రామం, పాలనకు గ్రామ పంచాయతీ, జనం నిజంగా ఉండే చోటు ఆవాసం. ఒక రెవెన్యూ గ్రామంలో రెండు మూడు పంచాయతీలు ఉండొచ్చు, ఒక పంచాయతీ కింద నాలుగు శివారు పల్లెలో తండాలో ఉండొచ్చు. జనగణన పట్టికలు రెవెన్యూ గ్రామం లెక్కన ఉంటాయి, సర్పంచ్ చెప్పే జనాభా పంచాయతీ లెక్క. రెండూ కలవకపోతే ఏదో తప్పని కాదు, రెండూ వేర్వేరు ఊళ్ల లెక్కలు. మీరు ఏది తీసుకుంటున్నారో ఒక ముక్క రాసేస్తే చాలు.

రికార్డులు తిరగేస్తుంటే "బేచిరాగ్" అన్న మాట తగలొచ్చు. దీపం లేని ఊరని దానర్థం: భూమి లెక్కల్లో ఊరుంటుంది, నివాసం మాత్రం ఉండదు. మీ ఊరి పక్కన అలాంటిది ఉంటే వదలకండి. ఎందుకు ఖాళీ అయిందన్న కథ ఊళ్లో ఎవరో ఒకరి దగ్గర తప్పకుండా ఉంటుంది.

రామాపురాలు, కొత్తపల్లులు, వెంకటాపురాలు మనకు లెక్కలేనన్ని. కాబట్టి మండలం, జిల్లా తప్పనిసరి. జిల్లా దగ్గర పాత పేరు కూడా ఇవ్వండి. తెలంగాణలో 2016 అక్టోబరు 11న 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో ములుగు, నారాయణపేట చేరి 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. రామప్ప గుడి ఉన్న పాలంపేటనే తీసుకోండి: మొదట వరంగల్, 2016 నుంచి జయశంకర్ భూపాలపల్లి, 2019 నుంచి ములుగు. పాత పుస్తకంలో వెతికేవాడికి వరంగల్ కావాలి, ఇవాళ బస్సెక్కేవాడికి ములుగు కావాలి. 1985లో మండలాలు రాకముందున్న తాలూకా పేరు కూడా పెద్దవాళ్లను అడిగి రాసి పెట్టుకోండి. అంతకు ముందు అచ్చయిన కాగితాల్లో మీ ఊరు దొరకాలంటే ఆ పేరే తాళంచెవి.

ఊరి పేరుకు అర్థం చెప్పాలన్న సరదా అందరికీ ఉంటుంది. పేరు చివరి ముక్క చాలాసార్లు నేల సంగతి చెప్పేస్తుంది: లంక అంటే ఏటి మధ్య దిబ్బ, పర్రు అంటే నీళ్లు నిలిచే పల్లపు నేల, చెర్ల, కుంట అంటే అక్కడొక చెరువుందనో ఉండేదనో. అగ్రహారం, ఖండ్రిక లాంటివి ఇనాం (దానంగా ఇచ్చిన) భూముల గుర్తులు. తెలంగాణలో ఖుర్దు అంటే చిన్నది, కలాన్ అంటే పెద్దది. పేరు ముందు భాగానికి చెప్పే కథలు మాత్రం ఎక్కువగా తర్వాత అల్లినవే. రాముడు సేదతీరాడనో, పాండవులు వంట చేసుకున్నారనో ఊళ్లో చెప్పుకుంటే ఆ కథ రాయండి, "అని చెప్పుకుంటారు" అన్న మాట మాత్రం తీసేయకండి. శాసనంలోనో కైఫీయతులోనో పాత పేరు దొరికితే కథ మొత్తం తిరగబడ్డ ఊళ్లు చాలా ఉన్నాయి. కైఫీయతులంటే కాలిన్ మెకంజీ 1821లో చనిపోయేదాకా ఊరూరా రాయించి సేకరించిన స్థానిక చరిత్రలు. చాలా జిల్లాలవి తెలుగులో అచ్చయ్యాయి. మీ ఊరివి లేకపోయినా పక్కూరి కైఫీయతులో మీ ఊరి ప్రస్తావన ఉండొచ్చు.

పొలం సంగతి: ఇక్కడ తొందరపడకండి

"మీ ఊళ్లో ఏం పండుతుందండీ?" అని అడిగితే "అన్నీ పండుతాయి బాబూ" అనే జవాబు వస్తుంది. తప్పు జవాబుది కాదు, ప్రశ్నది. ఒక రైతుతో ఒకే చేను గట్టు మీద నిలబడి ఆ చేను గురించే అడగండి. ఈ ఏడు ఇందులో ఏం వేశారు? నిరుడేం వేశారు? ఐదేళ్ల కింద? ఎందుకు మార్చారు? ఆ చివరి ప్రశ్నకు వచ్చే జవాబులోనే ఊరి వ్యవసాయమంతా ఉంటుంది. కోతుల బాధ పడలేక వేరుశనగ మానేశామంటారు. కాలువ నీళ్లు చివరి దాకా రావడం లేదని తక్కువ రోజుల వరికి మారామంటారు. కూలీలు దొరక్క పత్తి తగ్గించామంటారు. ఒక్కొక్క కారణం ఒక్కొక్క పేరా.

గట్టు మీద అడగాల్సిన వరస ఇదీ: నేల, నీరు, విత్తనం, రోజులు, దిగుబడి, అమ్మకం. వరస మారితే చిక్కే, ఎందుకంటే ముందుది తెలియకుండా తర్వాతది అర్థం కాదు.

నేలను ఊరివాళ్లు పిలిచే పేరుతోనే రాయండి. నల్లరేగడి, ఎర్రచెలక, దుబ్బ, గరప, చౌడు, ఒండ్రు... ఒకే ఊళ్లో రెండు మూడు రకాలుంటాయి, ఏ దిక్కున ఏదో కూడా చెప్పండి. మాగాణి (నీటి సాగు భూమి), మెట్ట (వానాధారపు భూమి) అని ఆంధ్రలో అనేదాన్ని తెలంగాణలో తరి, కుష్కి అంటారు. మీ ఊరి మాట వాడండి, మొదటిసారి మాత్రం పక్కన అర్థం ఇవ్వండి.

నీటి దగ్గర "బోర్ల కింద సాగు" అని ఊరుకోవద్దు. ఎన్ని అడుగుల్లో నీళ్లు పడుతున్నాయి, ఎన్ని ఇంచులు పోస్తున్నాయి, వేసవిలో ఏ నెలకు తగ్గుతాయి అడగండి. చెరువైతే ఆయకట్టు (దాని కింద తడిసే భూమి) ఎన్ని ఎకరాలు, తూములెన్ని, అలుగు (చెరువు నిండాక మిగులు నీళ్లు పొర్లే చోటు) ఏ దిక్కున పారుతుంది, ఆ నీళ్లు ఏ చెరువులోకి పోతాయి, చివరిసారి అలుగు పారింది ఏ ఏడు. తెలంగాణలో అలుగును మత్తడి అంటారు. గొలుసుకట్టు చెరువులున్న చోట మీ చెరువు గొలుసులో ఎన్నోదో తెలిస్తే కరువు ఏడాది మీ ఊరి గతి ఏమిటో చదివేవాడికి చెప్పకనే తెలుస్తుంది. కాలువ ఊరైతే ఆ కాలువ ఎక్కణ్నించి వస్తోంది, మీరు తలదాపున ఉన్నారా చివర ఉన్నారా అన్నది ముఖ్యం. ధవళేశ్వరం ఆనకట్ట కింద, 1852 నుంచి నీళ్లు పారుతున్న డెల్టాలో కూడా చివరి ఊళ్ల రైతు మాట వేరు, పై ఊళ్ల రైతు మాట వేరు.

విత్తనం పేరులో ఒక గమ్మత్తుంది. రైతులు నంబర్లతో పిలిచే వరి రకాల ముందున్న అక్షరాలు వాటిని తయారుచేసిన పరిశోధన స్థానాలవి. బీపీటీ 5204 అంటే బాపట్ల, అదే సాంబ మసూరి. ఎంటీయూ 7029 అంటే మారుటేరు, అదే స్వర్ణ. ఎన్ఎల్ఆర్ నెల్లూరు, జేజీఎల్ జగిత్యాల, ఆర్ఎన్ఆర్ రాజేంద్రనగర్. తెలంగాణ సోనా అని పిలిచేది ఆర్ఎన్ఆర్ 15048. వేరుశనగలో కె 6 అంటే కదిరి. "సన్నాలు (సన్నగింజ వరి రకాలు) వేస్తారు" అని రాయడానికీ రకం పేరు రాయడానికీ ఎంత తేడానో రోజుల లెక్క చూస్తే తెలుస్తుంది. బీపీటీ 5204 సుమారు 150 రోజుల పంట, ఎంటీయూ 1010 సుమారు 120 రోజులది. జూన్ నడిమిలో నారు పోస్తే మొదటిది నవంబరు నడిమికి కోతకొస్తుంది, రెండోది అక్టోబరు నడిమికి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలం. నెల రోజుల తేడాలో చేను నిలబడి ఉందా, పడిపోయి మొలకలొచ్చిందా అన్నది తేలిపోతుంది.

ఒక ఎకరం వరికి నారు పోసే దగ్గర్నుంచి రాస్తే చదివేవాడికి కళ్లకు కడుతుంది. ఎకరానికి 5 సెంట్ల నారుమడి, 20 నుంచి 25 కిలోల విత్తనం. 25 నుంచి 30 రోజుల నారు. ఈలోగా నాటే చేనుకు నీళ్లు పెట్టి దమ్ము చేస్తారు, అంటే బురదగా దున్నుతారు. తర్వాత నారు తీసి నాటడాన్ని గోదావరి జిల్లాల్లో ఊడ్పులంటారు, చాలా చోట్ల నాట్లంటారు. కలుపు, ఎరువు, మందు, ఆఖరున నీరు తీసేసి ఆరబెట్టడం, కోత. ఇప్పుడు కోత మిషన్‌తో అయితే గంటల పని. చేత్తో కోసి, ఓదెలు వేసి, కుప్ప పెట్టి, కళ్లంలో నూర్చే పద్ధతి మీ ఊళ్లో ఇంకా ఉందా లేదా అన్నది తేల్చుకునే రాయండి. పాత ఫొటో పెట్టి ఇప్పటి సంగతిలా రాయడం ఊరి పరిచయాల్లో మామూలైపోయిన అబద్ధం. కృష్ణా, గుంటూరు వైపు మాగాణుల్లో వరి కోతకు రెండు మూడు రోజుల ముందే నిలబడిన చేలో మినుములు చల్లుతారు. దుక్కి లేకుండా, వరి వదిలిన పదునుతోనే (నేలలో మిగిలిన తడితోనే) ఆ పంట వస్తుంది. ఇలాంటిది మీ ఊళ్లో ఉంటే దానికి నాలుగు వాక్యాలు ఇవ్వండి. బయటివాడికి ఇది తెలియదు, మీకు మామూలు కాబట్టి రాయాలని తోచదు.

మెట్ట ఊళ్లలో కాలం లెక్క తారీఖుల్లో కాదు, కార్తెల్లో ఉంటుంది. కార్తె సుమారు 13, 14 రోజులు. మృగశిర జూన్ 7, 8 తేదీల్లో, ఆరుద్ర జూన్ 22 ప్రాంతంలో, పునర్వసు జూలై 5, 6 తేదీల్లో, పుష్యమి 19, 20 తేదీల్లో వస్తాయి. "ఆరుద్రలో పదును దొరికితే వేస్తాం, పుష్యమి దాటితే కందికి పోతాం" లాంటి మాట రైతు నోట వస్తే అలాగే రాసి, పక్కన తేదీలు ఇవ్వండి. నల్లరేగడి ఊళ్లలో శనగ అక్టోబరు, నవంబరుల్లో విత్తితే మిగిలిన తేమతోనే పండి ఫిబ్రవరికల్లా చేతికొస్తుంది. అలాంటి ఊరికి ఆగస్టులో వెళ్లినవాడు బీడు నేల చూసి "ఏమీ పండని ఊరు" అనుకుంటాడు. రెండో పంటను తెలంగాణలో యాసంగి అంటారు, గోదావరి డెల్టాలో దాళ్వా, నెల్లూరులో ఎడగారు అని మరో పంటకాలముంది. ఈ మాటల్ని రబీ అన్న ఒక్క మాట కింద తొక్కేయకండి.

కొలతల దగ్గర మోసపోయేవి

దిగుబడి రాసే చోట అందరూ తడబడతారు. ఎకరానికి 40 బస్తాలన్నారనుకోండి. కోస్తాలో ధాన్యం బస్తా అంటే 75 కిలోలు, అప్పుడది 30 క్వింటాళ్లు. తెలంగాణ కొనుగోలు కేంద్రాల్లో తూచే సంచి 40 కిలోలది, ఆ లెక్కన అది 16 క్వింటాళ్లే. నెల్లూరులో పుట్టి లెక్క, పుట్టి అంటే 850 కిలోలు. నాలుగు పుట్లంటే 34 క్వింటాళ్లు. కాబట్టి రైతు చెప్పిన మాట రాసి, పక్కన క్వింటాళ్లు ఇవ్వండి, బస్తా ఎన్ని కిలోలో కూడా చెప్పండి. మిర్చి టిక్కీల్లో చెబుతారు, టిక్కీ 40 నుంచి 45 కిలోలుంటుంది. కొబ్బరి కాయల లెక్క, అరటి గెలల లెక్క, మామిడి టన్నుల లెక్క.

భూమి కొలతలు ఇంత చిక్కు పెట్టవు. ఎకరం 100 సెంట్లు లేదా 40 గుంటలు, 4,840 చదరపు గజాలు. గుంటంటే 121 గజాలు, రెండున్నర సెంట్లు. జనగణన పట్టికల్లో విస్తీర్ణం హెక్టార్లలో ఉంటుంది, 2.47తో గుణిస్తే ఎకరాలు. గుణించడం మరిచిపోయి హెక్టార్లనే ఎకరాలుగా దించేసిన పరిచయాలు తక్కువేమీ కావు. మీ ఊరు ఉన్నట్టుండి సగానికి పైగా కుంచించుకుపోతుంది.

ఇంకో జాగ్రత్త. దిగుబడి అడిగితే చాలామంది బాగా పండిన ఏడాది లెక్క చెబుతారు, అది మనిషి నైజం. "నిరుడు ఎంత, అంతకు ముందేడు ఎంత, పంట బాగా దెబ్బతిన్న ఏడు ఎంత" అని మూడు అడగండి. అమ్మిన బస్తాలు, పండిన బస్తాలు కూడా ఒకటి కావు. తిండి గింజలు, కౌలు, తేమ పేరు చెప్పి తీసే తరుగు మధ్యలో పోతాయి. ప్రభుత్వ కొనుగోలుకు ధాన్యంలో తేమ 17 శాతం దాటకూడదు. కోత మిషన్ దిగిన రోజున అంతకంటే ఎక్కువే ఉంటుంది. రోడ్ల మీద ధాన్యం ఎందుకు ఆరబోస్తారో ఈ ఒక్క అంకెతో అర్థమవుతుంది.

కౌలు సంగతి దాటేయకండి. డెల్టా ఊళ్లలో పొలం ఒకరిది, సేద్యం ఇంకొకరిది. "మా ఊరి రైతులు" అని రాసే ముందు ఆ మాట ఎవరి గురించో తేల్చుకోండి. కౌలు ఎకరానికి ఇన్ని బస్తాలనో ఇంత డబ్బనో ఉంటుంది. తుపానొచ్చిన ఏడు కూడా అంతే ఇస్తారా, తగ్గిస్తారా అని కౌలురైతునే అడగండి, యజమానిని కాదు.

లెక్కలు సరిచూసుకోవడానికి రెండు చోట్లున్నాయి. ఆంధ్రలో రైతు సేవా కేంద్రంలో గ్రామ వ్యవసాయ సహాయకుల దగ్గర ఆ సీజనులో ఏ పంట ఎన్ని ఎకరాలన్నది ఈ-పంట నమోదులో ఉంటుంది. తెలంగాణలో వ్యవసాయ విస్తరణ అధికారిని రైతు వేదికలో కలవొచ్చు. భూమి, పంట వివరాలుండే రికార్డు అడంగల్ (తెలంగాణలో పహాణీ) చూస్తే ఏ సర్వే నంబరులో ఏముందో తెలుస్తుంది. పరిచయంలో మాత్రం మొత్తాలే వాడండి. ఫలానా వారి ఫలానా సర్వే నంబరు అని బయట పెట్టడం అనవసరం, ఒక్కోసారి కొంప ముంచుతుంది. 2011 జనగణన గ్రామ పట్టికల్లో కాలువ, చెరువు, బావుల కింద ఎంతెంత సాగో విడిగా ఉంటుంది. వాడుకోండి, కానీ అది 2011 నాటిదని పక్కన రాయండి. అప్పటి చెరువు సాగు ఈసరికి చేపల చెరువై ఉండొచ్చు.

చూడదగ్గవి

గుడితో మొదలుపెడదాం, అందరూ దాంతోనే మొదలుపెడతారు గనక. "వెయ్యేళ్ల నాటి గుడి" అని రాసే ముందు ఆ వెయ్యి ఎక్కడిదో చూడండి. శాసనం ఉంటే అందులో శక సంవత్సరం ఉంటుంది. దానికి 78 కలిపితే మనం వాడే సంవత్సరం వస్తుంది. శక సంవత్సరం ఉగాదితో మొదలవుతుంది కాబట్టి పుష్య, మాఘ, ఫాల్గుణ మాసాల శాసనమైతే 79 కలపాల్సి రావచ్చు. రామప్ప శాసనం శకం 1135, అంటే 1213. మీ ఊరి శాసనం ఇప్పటికే ఎవరైనా చదివి అచ్చు వేసి ఉండొచ్చు. పురావస్తు శాఖ వార్షిక శాసన నివేదికలు, దక్షిణ భారత శాసన సంపుటాలు (పదో సంపుటం నిండా తెలుగు శాసనాలే), తెలంగాణ వైపు జిల్లాల వారీ శాసన సంపుటాలు వెతకండి. ఊరి పేరుతో దొరక్కపోతే పాత తాలూకా పేరు పట్టుకుని వెళ్లండి.

శాసనాన్ని ఫొటో తీయడంలో ఒక కిటుకుంది. మధ్యాహ్నం నేరుగా ఎండ పడేటప్పుడు తీస్తే రాయి తెల్లగా, అక్షరాలు మాయంగా వస్తాయి. పొద్దున్నో సాయంత్రమో ఎండ ఏటవాలుగా రాతిని రాసుకుంటూ పోయే వేళ తీయండి, చెక్కిన గాట్లలో నీడ పడి అక్షరం లేచి నిలబడుతుంది. గుడి లోపల చీకటిలో అయితే ఫోన్ లైటును రాతి ఎదురుగా కాదు, పక్క నుంచి, దాదాపు రాతికి ఆనించినట్టు పట్టుకుని ఇంకొకరి చేత తీయించండి. దుమ్ముంటే మెత్తటి కుంచెతో దులపండి, నీళ్లు చల్లండి, అంతే. సుద్దముక్కతో అక్షరాలు దిద్దడం, నూనె పూయడం, ఇనప బ్రష్షుతో గీకడం వద్దే వద్దు. సుద్దతో దిద్దితే మీరు ఊహించుకున్న అక్షరమే ఫొటోలో మిగులుతుంది, అసలుది పోతుంది. పక్కన ఒక స్కేలో అగ్గిపెట్టో పెడితే కొలత తెలుస్తుంది. పంక్తులు ఎక్కువుంటే ఒక ఫొటోలోని చివరి రెండు పంక్తులు తర్వాతి ఫొటోలో మళ్లీ వచ్చేలా ముక్కలు ముక్కలుగా తీయండి.

పొలాల్లో పడి ఉన్న వీరగల్లులు (చనిపోయిన వీరుల గుర్తుగా నిలిపిన రాళ్లు), పగిలిన విగ్రహాలు, కొండమీది పాత కోట గోడల గురించి రాయండి గానీ అచ్చంగా ఏ గుట్ట వెనక ఏ చెట్టు కింద అన్నది, మ్యాపులో గుర్తుతో సహా, పెట్టకండి. గుప్తనిధుల పిచ్చి ఉన్నవాళ్లు చదువుతారు. తవ్విపోసిన గుళ్లు ప్రతి జిల్లాలో ఉన్నాయి. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడమైతే చుట్టూ 100 మీటర్ల దాకా కొత్త కట్టడాలు నిషేధం, ఆపై 200 మీటర్లు అనుమతితోనే. "గుడి పక్కనే వసతి గృహాలు రావాలి" అని రాసేముందు ఇది గుర్తుంచుకోండి.

పక్షుల ఊళ్లకు ఒక అలవాటుంది: వచ్చిన కొంగ ప్రతిదీ సైబీరియాదే. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలోనూ ఈ మాట వినపడుతుంది. అక్కడి చెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు మన ఉపఖండపు పక్షులే, గూళ్లు కట్టుకోవడానికి అనువైన చోటు చూసుకుని వస్తాయి. గూడు కట్టి పిల్లల్ని చేసే పక్షి ఏ దేశానికైనా ఇంటి పక్షి. సైబీరియా నుంచి నిజంగా చలికాలానికి వచ్చేవి ఇక్కడ గూడు కట్టవు. ఈ ఒక్క సంగతి తెలిస్తే మీ ఊరి చెరువులో ఏవి చుట్టాలో ఏవి ఇంటివో మీరే చెప్పగలరు. ఏ నెలలో వస్తాయి, ఏ నెలలో పిల్లలు ఎగురుతాయి, ఏ నెల తర్వాత వెళ్తే ఖాళీ చెట్లే ఉంటాయి అన్నది తప్పకుండా రాయండి.

పెద్ద మర్రిచెట్టుకు వయసు చెప్పకండి, కొలత చెప్పండి. కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమానుకు 1989లో గిన్నిస్ పుస్తకంలో చోటు దక్కింది వయసుకు కాదు, సుమారు ఐదెకరాల మేర పరుచుకున్నందుకు. మీ చెట్టు నీడ అంచు నుంచి అంచుకు ఎన్ని అడుగులో టేపు పట్టి చూడండి, దిగిన ఊడలు లెక్కపెట్టండి.

జలపాతాల దగ్గర ఒకటే మాట: నీళ్లుండే నెలలు రాయండి. మన పీఠభూమి జలపాతాలు చాలావరకు వానలతో బతికేవి, జూలై నుంచి అక్టోబరు దాకానే చూడదగ్గవి. బాగా పారే రోజులే ప్రమాదకరమైన రోజులు కూడా. ఎక్కడ దిగకూడదో, ఏ బండ జారుతుందో ఊరి పిల్లలకు తెలుసు, వాళ్లను అడిగి రాయండి.

చేతిపనులున్న ఊరైతే మీ అదృష్టం. అప్పుడు ముడిసరుకుతో మొదలుపెట్టండి. ఏటికొప్పాక బొమ్మలంటే ముందు అంకుడు కర్ర, దాని మీద లక్క రంగులు, తిరిగే కర్రకు లక్క ఒత్తిపెడితే ఆ వేడికే రంగు కరిగి అంటుకోవడం. ఆ తర్వాతే 2017లో వచ్చిన భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) సంగతి. భూదాన్ పోచంపల్లికి 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామం గుర్తింపు ఇచ్చింది. అయినా అక్కడికి వచ్చినవాడు చూడాలనుకునేది పత్రం కాదు, దారానికి ముడులు కట్టి రంగులో ముంచే చేతులు. పని ఏ వేళల్లో జరుగుతుంది, లోపలికి రానిస్తారా, కొనకుండా చూసి వెళ్లినా ఏమీ అనుకోరా అన్నవి రాస్తే నిజంగా పనికొచ్చే పరిచయం అవుతుంది.

జాతర తేదీ రాయకండి, తిథి రాయండి. ఈ ఏటి తేదీ వచ్చే ఏడు తప్పవుతుంది. మేడారం రెండేళ్లకోసారి మాఘ శుద్ధ పౌర్ణమికి, విజయనగరం సిరిమానోత్సవం దసరా తర్వాతి మంగళవారం, కోనసీమ జగ్గన్నతోట ప్రభల తీర్థం కనుమ నాడు. ఇలా రాస్తే ఎన్నేళ్లయినా చెల్లుతుంది.

దారి

ఇక్కడ పొదుపుగా, కచ్చితంగా ఉండాలి. దగ్గరి బస్టాండు ఏది, అక్కణ్నించి పల్లెవెలుగు ఉందా షేర్ ఆటోలేనా, మొదటి బస్సు ఎప్పుడు, తిరుగు చివరి బస్సు ఎప్పుడు. ఆ చివరిది మరిచిపోతే మీ మాట నమ్మి వచ్చినవాడు రాత్రికి రోడ్డు మీద ఉంటాడు. ఫోన్ మ్యాపులో ఊరి పేరు కొడితే గుర్తు ఒక్కోసారి ఏ పొలం మధ్యలోనో పడుతుంది. పంచాయతీ ఆఫీసో బడో గుర్తుగా పెట్టండి. ఏరు దాటాల్సిన ఊరైతే రెండు దూరాలూ ఇవ్వండి. సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి పంటు (రేవు దాటించే పెద్ద పడవ) మీద గోదావరి దాటితే ఒక లెక్క, చించినాడ వంతెన మీదుగా చుట్టి వెళ్తే ఇంకో లెక్క. వరదలప్పుడు పంటు ఆగిపోతుందనీ చెప్పండి.

ఎప్పుడు రావాలో పొలం చూసి చెప్పండి. వరి నాట్లు చూడాలంటే జూలై, ఆగస్టు. పైరు పచ్చగా సెప్టెంబరు. బంగారు రంగు నవంబరు. మే నెలలో డెల్టాకు రమ్మంటే మరమ్మతులకు కట్టేసిన కాలువలు చూసి వెళ్తారు. వచ్చేవాళ్లకు రెండు ముక్కలు చెప్పి ఉంచండి: కొత్తగా వేసిన గట్ల మీద నడిస్తే తెగుతాయి, మందు కొట్టిన చేలోకి ఆ రోజు దిగకూడదు. నాట్లేసే ఆడవాళ్లను అడక్కుండా ఫొటోలు తీయొద్దనీ, తీస్తే వాళ్లకు చూపించమనీ కూడా రాయండి.

కూర్చుని రాసేటప్పుడు

వివరాలన్నీ పోగయ్యాక వాటిని జిల్లా గెజిటీర్ (ప్రభుత్వం వేసే జిల్లా వివరాల పుస్తకం) వరసలో పేర్చకండి. సరిహద్దులు, జనాభా, అక్షరాస్యతతో మొదలుపెడితే రెండో పేరాకే చదువరి వెళ్లిపోతాడు. మీ ఊళ్లో మాత్రమే ఉన్న ఒక్క సంగతి ఏదో అదే మొదటి వాక్యం. అంకెలు చివర్లో, ఒక చోట.

"మా ఊళ్లో వరి బాగా పండుతుంది" అని రాశారనుకోండి. పోగుచేసిన వివరాలతో దాన్ని ఇలా తిరగరాయొచ్చు: "కాలువ చిట్టచివరి ఊరు కావడంతో జూలై ఆఖరుకు గానీ నీళ్లందవు. ఐదు నెలల బీపీటీ వేస్తే డిసెంబరు చివరికి గానీ కోతకు రాదని పడమటి చేలల్లో అందరూ నాలుగు నెలల ఎంటీయూ 1010కే మొగ్గుతారు. చెరువు కింద ఉన్న పాతిక ఎకరాల్లో మాత్రం ఇప్పటికీ సన్నాలే." ఇందులో పక్కూరి పేరు పెట్టి చూడండి. ఆ పక్కూరి రైతే "మాకు జూన్‌లోనే నీళ్లొస్తాయి కదా" అని దిద్దుతాడు.

రాసింది అచ్చుకు ముందు ముగ్గురికి చదివి వినిపించండి: సేద్యం చేసే మనిషికి, గుడి పూజారికి, కాపురానికి ఈ ఊరొచ్చిన కోడలికి. మొదటివాళ్లు కొలతలు దిద్దుతారు, రెండోవారు తిథులు దిద్దుతారు. మూడో ఆవిడ మీరు గొప్పగా రాసినదాంట్లో ఏది ప్రతి ఊళ్లోనూ ఉండేదో మొహమాటం లేకుండా చెప్పేస్తుంది, ఆవిడ రెండు ఊళ్లు చూసింది మరి. ఊరి కులాల మధ్య, పార్టీల మధ్య తగవులు పరిచయంలోకి లాగొద్దు. అలాగని ఎస్సీ కాలనీని, తండాను, ఊరి చివరి వలస కూలీల గుడిసెల్ని లేనట్టే రాయడం కూడా కుదరదు. దారిలో మొదట కనిపించేవి చాలాసార్లు అవే.

ఆఖరున రాసిన నెల, సంవత్సరం వేయండి. బస్సు వేళలు, పంటల రకాలు, బోర్ల లోతు, చివరిసారి అలుగు పారిన ఏడు, ఈ నాలుగూ పాతబడేవి. వాటిని ఒక కాగితం మీద విడిగా రాసి పెట్టుకుని, ఏటా ఏరువాక పున్నమి దాటాక ఒకసారి సరిచూసి మార్చండి.